మీ ప్రశ్న – మా జవాబు: ధ్యేయం ఎక్కడ దొరుకుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఒకేచోట జవాబు రాస్తున్నాను. రాసినవారి వయసులు వేరు, పరిస్థితులు వేరు. అయినా తమ చదువు, తమ తెలివి, తమ కాలం ఎవరికి దక్కాలన్న ప్రశ్నే మూడింటిలోనూ ఉంది. గోప్యత కోసం పేర్లు, ఊర్లు తీసివేశాను.

ప్రశ్న: నా వయసు 34. పదకొండేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. జీతానికి లోటు లేదు, ఇంట్లో కలతలు లేవు. అయినా నేను రాసే ప్రోగ్రాములు ఎవరికి పనికివస్తున్నాయో నాకే తెలియడం లేదన్న దిగులు రెండేళ్లుగా పట్టుకుంది. ఇష్టమైన పని చేయమని అందరూ చెబుతారు. నాకు ఏది ఇష్టమో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఉద్యోగం మానేసి ఏదైనా సేవాసంస్థలో చేరితే ఈ వెలితి తీరుతుందా? జీవితధ్యేయాన్ని గుర్తుపట్టే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: మీ ఉత్తరాన్ని మీరే మరొకసారి చదువుకుంటే జవాబులో సగం అందులోనే కనిపిస్తుంది. పని విసుగ్గా ఉందని మీరు రాయలేదు, కష్టంగా ఉందనీ రాయలేదు. ఎవరికి పనికివస్తోందో తెలియడం లేదని రాశారు. మీరు రాసిన ప్రోగ్రాము చేతులు మారి మారి చివరికి ఎవరి దగ్గరికి చేరుతోందో, చేరిన తరువాత ఆ మనిషికి ఏమి ఒరుగుతోందో కళ్లారా చూసే అవకాశం మీకు పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. అటువంటప్పుడు రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు మనసును తరచి చూసుకున్నా ప్రయోజనం ఉండదు. మీకు కొరవడిన మనిషి మీకు బయట ఉన్నాడు.

ఇష్టం ముందు పుడుతుందని, పని తరువాత మొదలవుతుందని మనం అనుకుంటాం. చాలామంది విషయంలో ఇది తలకిందులుగా జరుగుతుందని నా గట్టి నమ్మకం. కళ్లెదుట ఒక ఇబ్బంది కనిపిస్తుంది. చూస్తూ ఊరుకోలేక ఒక చేయి వేస్తాం. చేయి వేసిన తరువాత మనకు తెలియనిది ఎంత ఉందో బయటపడుతుంది. అది తెలుసుకోవడానికి చదవడం మొదలుపెడతాం. చదివేకొద్దీ, చేసేకొద్దీ ఆ పని మనదవుతుంది. ఇష్టం ఆ తరువాత, మనం గమనించకుండానే వచ్చి చేరుతుంది.

1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధకాలంలో సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులలో కలరా వ్యాపించింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణమైన బంగావ్‌లో వారికి వైద్యం చేయడానికి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఎదుట పడకలు చాలక రోగులు నేలమీద పడి ఉన్నారు. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంటోంది, ఎక్కించగలిగిన సిబ్బంది కూడా చాలరు. ఉప్పును, గ్లూకోజును తగుపాళ్లలో కలిపిన నీటిని తాగిస్తే, గ్లూకోజు వెంట ఉప్పును, ఆ రెండింటి వెంట నీటిని పేగులు పీల్చుకుంటాయన్న సంగతి అప్పటికే పరిశోధకులకు తెలుసు. ఆయన కూడా ఆ పరిశోధనలలో పాలుపంచుకున్నవారే. అయితే శిక్షణ పొందినవారి పర్యవేక్షణ లేకుండా ఆ ద్రావణాన్ని వాడవచ్చునన్న ధైర్యం వైద్యలోకానికి లేదు. ఆయన దాన్ని పెద్ద పీపాలలో నింపించి, రోగుల పక్కన కూర్చున్న తల్లులకు, తోబుట్టువులకు అప్పగించి తాగించమన్నారు. అంతకుముందు సుమారు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఓఆర్‌ఎస్ పొట్లంగా ఈనాడు ప్రపంచమంతటికీ తెలిసిన వైద్యానికి అంత పెద్దయెత్తున తొలి పరీక్ష జరిగింది అక్కడే. ఆ రోజున బంగావ్‌లో కొత్తగా కనిపెట్టినది ద్రావణాన్ని కాదు. రోగి తల్లి కూడా వైద్యం చేయగలదన్న సత్యాన్ని. అంతటి ఆవిష్కరణకు అవసరమైన చదువు ఆయనకు ముందే ఉంది. ఆ చదువు ఎందుకు ఉపయోగపడాలో మాత్రం ఆ నేలమీద పడి ఉన్న మనుషులే చెప్పారు.

ఇక మీ సంగతి. ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. వెలితిని మోసుకుంటూ సేవాసంస్థలో చేరితే, అక్కడ కూడా ఒక గదిలో కూర్చుని ఎవరికి చేరుతుందో తెలియని నివేదికలు రాయవలసిరావచ్చు. అంతకంటే ముందు వారానికి మూడు నాలుగు గంటలు పక్కన పెట్టి, ఒకే చోటికి, ఒకే మనుషుల దగ్గరికి ఆరునెలలు మానకుండా వెళ్లండి. మీ వృత్తికి దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటి చెబుతాను. చూపులేనివారు ఫోనునూ కంప్యూటరునూ స్క్రీన్ రీడర్ సాయంతో వాడతారు. తెరమీద ఉన్నదాన్ని అది పైకి చదివి వినిపిస్తుంది. ప్రోగ్రాము రాసినవారు ఒక బటన్‌కు పేరు తగిలించడం మరిచిపోతే స్క్రీన్ రీడర్ ‘బటన్’ అని మాత్రమే పలుకుతుంది. అది డబ్బు పంపే బటనో, పంపడాన్ని రద్దుచేసే బటనో వినే మనిషికి తెలిసే దారి లేదు. చూపులేని విద్యార్థి ఒకరు ఏదైనా దరఖాస్తు నింపుతుండగా ఒక గంటసేపు పక్కన కూర్చోండి. అలాంటి పేరులేని బటన్ దగ్గర ఆ విద్యార్థి ఆగిపోయినప్పుడు, అటువంటివి మీరు కూడా ఎన్ని రాసి ఉంటారోనన్న ఆలోచన మీకు రాకమానదు. ఆ మరునాడు మీరు ఆఫీసుకు వెళ్లి చేసే పని నిన్నటి పనే అయినా, అది ఎవరికోసమో మీకు తెలిసి ఉంటుంది. ఉద్యోగం మారకుండానే వెలితి తీరినవారు ఉన్నారు. మారక తప్పదనిపిస్తే, ఆ నిర్ణయం ఆరునెలల అనుభవం మీద నిలబడుతుంది గనుక ఇంట్లోవారికి చెప్పి ఒప్పించడం కూడా తేలికవుతుంది.

గుర్తుపట్టే పద్ధతి అడిగారు. నేను నమ్మే పరీక్ష ఒక్కటే ఉంది. మీరు పెట్టుకున్న పనిని మీకంటే బాగా మరొకరు చేసినప్పుడు మీకు కలిగేది సంతోషమా, కష్టమా అని చూసుకోండి. సంతోషం కలిగితే మీ మనసు ఆ మనుషుల మీద ఉన్నట్లు. కష్టం కలిగితే మీ పేరు మీద ఉన్నట్లు. రెండోది తప్పేమీ కాదు, మనుషులం గనుక. కానీ అది ధ్యేయమని పొరపడవద్దు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని. కొత్త పరికరాలు తయారుచేయడమంటే ప్రాణం. పోటీలలో నాకు రెండు బహుమతులు కూడా వచ్చాయి. అయితే బహుమతి వచ్చిన పరికరాలు ఆ తరువాత బీరువాలోనే ఉండిపోయాయి. ముందు చదువు పూర్తిచేసి స్థిరపడాలని, సేవ సంగతి తరువాత చూసుకోవచ్చని అన్నయ్య అంటున్నాడు. చదువు, ఆవిష్కరణ, సేవ – వీటిలో ఏది ముందు?

జవాబు: అమ్మాయీ, బీరువా సంగతి దాచకుండా రాసినందుకు నీ మీద గౌరవం కలిగింది. ఆ పరికరాలు అక్కడే ఎందుకు ఉండిపోయాయో ఆలోచించావా? వాటిని మెచ్చుకున్నవారు న్యాయనిర్ణేతలు. వారికి వాటిని ఇంటికి తీసుకుపోయి రోజూ వాడవలసిన అవసరం లేదు. వాడవలసినవారిని తయారీకి ముందు నువ్వు ఎన్నిసార్లు కలిశావో నీ ఉత్తరంలో లేదు, బహుశా కలిసి ఉండవు.

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిశాలలో, తోలుకు రంధ్రాలు పొడిచే పనిముట్టు కంటికి గుచ్చుకుని, ఆ గాయం రెండో కంటికి కూడా పాకి చూపు పూర్తిగా పోయింది. పదేళ్లకు పారిస్‌లోని అంధబాలుర పాఠశాలలో చేరాడు. అక్కడి పుస్తకాలలో మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. చూపున్నవారికి అది చక్కని ఉపాయంగానే తోచింది. వేళ్లతో తడిమేవారికి మాత్రం ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క చిక్కుముడి, పైగా ఆ అక్షరాలను పిల్లలు తమంతట తాము రాసుకునే వీలు లేదు. ఆ తరువాత చార్లెస్ బార్బియర్ అనే సైనికాధికారి, చీకటిలో సందేశాలు చదువుకోవడానికి పనికివచ్చే ఉబ్బెత్తు చుక్కల పద్ధతిని ఆ పాఠశాలకు తెచ్చాడు. గొప్ప ఆలోచనే, కానీ ఒక్కొక్క గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలికొన కింద అన్నీ ఒకేసారి ఇమడవు. అది ధ్వనులను మాత్రమే చూపేది, అక్షరక్రమం తెలిసేది కాదు. లూయీ ఆ చుక్కలను ఆరుకు తగ్గించి, ఒక్క స్పర్శతో అందే అక్షరాలుగా మలిచాడు. 1824 నాటికి ఆ లిపి ఒక రూపానికి వచ్చేసరికి అతని వయసు పదిహేను.

బార్బియర్‌కు తెలివి తక్కువై కాదు, శ్రద్ధ తక్కువై అంతకంటే కాదు. ఆ పుస్తకం ఆయన వేలి కింద లేదు, అంతే. లూయీ అదే పాఠశాలలో ఉపాధ్యాయుడై జీవితమంతా పిల్లలకు చదువు చెప్పాడు. 1852లో క్షయతో చనిపోయేనాటికి అతని లిపికి అక్కడ అధికారికమైన గుర్తింపు రాలేదు. అది వచ్చింది 1854లో. అతని బతుకులో చదువు ఎక్కడ ముగిసిందో, ఆవిష్కరణ ఎక్కడ మొదలైందో, సేవ ఏ రోజున ప్రారంభమైందో గీత గీసి చూపించగలవా? నేను చూపించలేను. అందుకే ఏది ముందన్న నీ ప్రశ్నకు వరుస చెప్పలేకపోతున్నాను.

మీ అన్నయ్య మాటలో ఒక సగం నిజముందని కూడా చెప్పాలి. జాలి ఒక్కటే దేనినీ తయారుచేయలేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల వ్యవధిలో చనిపోయారు. ఆ దుఃఖం ఆయనను ఆ జబ్బుకు మందు వెతికే వైపు నడిపింది. అయినా ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసేనాటికి రెండు దశాబ్దాలకు పైగా జీవరసాయన శాస్త్రంలో మునిగి ఉన్నారు. కనుక చదువును తగ్గించుకోవద్దు. ఎవరికోసం చదువుతున్నావో తేల్చుకోవడాన్ని మాత్రం స్థిరపడేదాకా వాయిదా వేయవద్దు. బీరువాలో ఉన్న పరికరాలలో ఒకదాన్ని బయటికి తీసి, అది ఎవరికి పనికివస్తుందని అనుకున్నావో వారి చేతికి ఇచ్చి, ఒక్క మాట కూడా వివరించకుండా చూస్తూ కూర్చో. వారు ఎక్కడ తడబడతారో అక్కడే నీ తరువాతి ఏడాది పని ఉంది.

ప్రశ్న: నేను లెక్కల ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసు 61. రెండేళ్లుగా సాయంత్రాలు మా ఇంట్లో పిల్లలకు ఉచితంగా లెక్కలు చెబుతున్నాను. మొదట పద్దెనిమిది మంది వచ్చేవారు, ఇప్పుడు ఐదుగురే వస్తున్నారు. ఊరికే చెబుతానన్నా రాని పిల్లల మీద కోపం, ఆ వెంటనే నా మీద నాకే అనుమానం కలుగుతున్నాయి. ఈ వయసులో ఇక నాకు ధ్యేయమంటూ ఏమి మిగిలింది?

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. చాలా ఏళ్లు పాఠం చెప్పిన వ్యక్తికి ఖాళీ చాపను చూడడం ఎంత కష్టమో నేను ఊహించగలను. అయితే ‘ఊరికే’ అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. మీరు రుసుము తీసుకోరు, నిజమే. పిల్లలు మాత్రం ఏదో ఒకటి చెల్లిస్తూనే ఉంటారు. ఆట మానుకుని రావాలి, తమ్ముణ్ణి చూసుకునే పని ఇంకొకరికి అప్పగించాలి, అన్నిటికంటే మించి తోటివారి ముందు తప్పు చెప్పే అవమానాన్ని భరించాలి. ఆ చివరి ఖర్చు భరించలేక మానేసిన పిల్లలే ఎక్కువగా ఉంటారని నా అనుభవం.

నాలుగో వంతు కంటే ఎనిమిదో వంతు పెద్దదని చెప్పే పిల్లలను మీరు ఎందరినో చూసి ఉంటారు. నాలుగు కంటే ఎనిమిది పెద్దది గనుక ఆ పిల్ల అలా అంటోంది. ఆ తప్పులో ఒక తర్కం ఉంది. ‘కాదు’ అని సరిదిద్దితే ఆ పిల్లకు తన తర్కం ఎక్కడ దారి తప్పిందో తెలియదు, తాను తెలివితక్కువదాన్నని మాత్రం తెలుస్తుంది. ‘ఎందుకు అనుకున్నావు?’ అని అడిగి, చెప్పేదాకా ఆగి, అదే కాగితాన్ని నాలుగుగా, ఎనిమిదిగా మడిపించి చూపిస్తే మరునాడు తనంతట తానే వస్తుంది. మీకు తెలియని బోధన కాదు ఇది. తరగతిలో నలభై మంది ఉన్నప్పుడు, పరీక్షలు తరుముతున్నప్పుడు దీనికి వ్యవధి ఉండేది కాదు, ఇప్పుడు ఉంది.

వయసు గురించి అడిగారు. గోవిందప్ప వెంకటస్వామి గారు ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగి ఆ దారి మూసుకుపోయింది. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం కొత్తగా సాధన చేసి కంటి వైద్యుడయ్యారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58వ ఏట విరమించి, 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రిని ప్రారంభించారు. డబ్బు ఇవ్వగలిగినవారి రుసుముతో ఇవ్వలేనివారికి ఉచితంగా శస్త్రచికిత్స చేసే ఆ పద్ధతిని చూసి నేర్చుకోవడానికి ఈనాటికీ వైద్యులు దేశదేశాల నుంచి వస్తుంటారు. మీరు ఆస్పత్రి కట్టాలని కాదు ఈ మాట చెప్పడం. విరమణ తరువాత ఆయన చేసినది కొత్త వృత్తి కాదు, అంతవరకు చేసిన పనినే చేరవలసినవారికి చేర్చే కొత్త పద్ధతి. మీ చేతిలో ఉన్న పని కూడా అటువంటిదే.

మానేసిన పదమూడు మంది ఇళ్లకు ఒకసారి వెళ్లండి. ఎందుకు రావడం లేదని అడగవద్దు, అది నిలదీసినట్లు ఉంటుంది. లెక్కలలో ఏది వారికి విసుగో, రోజులో ఏ వేళ వారికి తీరికో అడిగి, చెప్పినది రాసుకోండి. ఈలోగా వస్తున్న ఐదుగురిలో పెద్దవారిని ఒక్కొక్క లెక్క చిన్నవారికి చెప్పమనండి. వారు చెబుతుంటే మీరు వెనుక కూర్చుని వినండి. పదమూడు మందిలో మొదట ఎవరి ఇంటికి వెళ్లారో, ఆ పిల్ల ఏమి చెప్పిందో మాకు తప్పక రాయండి.