ముందు ఎర్రకణం సంగతి చూడు

చైతూ నాన్నా,

నువ్వు పీహెచ్‌డీలో మలేరియాకి పెప్టైడ్‌ల (చిన్న చిన్న ప్రొటీన్ ముక్కల) మీద పని మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. "అదేదో కప్ప చర్మం మందట అక్కా" అన్నాడు. నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మలేరియా పారసైట్‌ని పెంచే కల్చర్ గదిలో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, నా భయాలు నాకుంటాయి కదా!

కప్ప మాట అబద్ధం కాదులే. 1987లో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలోంచి మగైనిన్‌లనే పెప్టైడ్‌లు బయటికి తీశాడు. ఆపరేషన్ చేసి మామూలు నీళ్లలో వదిలేసినా కప్పల గాయాలు చీము పట్టకపోవడం చూసి ఆయనకి అనుమానం వచ్చింది. రెండేళ్లకి ఆ మగైనిన్‌లని అనాఫిలిస్ దోమల్లోకి ఎక్కిస్తే, పొట్ట గోడ మీది మలేరియా ఊసిస్టులు, అంటే పారసైట్ పెరిగే బొడిపెలు, పాడయ్యాయి. 1897లో మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ చూసింది ఆ ఊసిస్టుల్నే. ఇదంతా మీ గైడ్ చెప్పే ఉంటారు.

పెప్టైడ్ మామూలు ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, పాలిప్రొపిలీన్ ట్యూబులు వాడు. సీరం (రక్తంలోని ద్రవం) లేకుండా మందు బలం కొలిస్తే వచ్చిన అంకె చూసి మురిసిపోకు, ఒంట్లో అది ఉంటుంది కదా. మీ అమ్మతో "మాత్ర వస్తుంది" అని మాత్రం చెప్పకు. మింగితే చాలావరకు పప్పూ గుడ్డూ అరిగినట్టే అరిగిపోతుంది.

అసలు సంగతి వేరే ఉంది. బాక్టీరియాతో పనిచేసేవాళ్లకి లేని తంటా మనకుంది. మన పారసైట్ ఎర్రకణం లోపల దాక్కుని ఉంటుంది. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు, మహా చురుకు. పెప్టైడ్ వేసిన మర్నాడు గీమ్సా రంగు పట్టించి చూస్తే స్లైడంతా శుభ్రం, ఒక్క పారసైట్ లేదు. అందరికీ కోవా పంచాడు. "కణాల్ని పెంచే ద్రవం, అదే మీడియం, పైన అంత ఎర్రగా ఉందేమిట్రా?" అన్నాను. "ఫినాల్ రెడ్ మేడమ్, మీడియం రంగే అంత" అన్నాడు. మీడియం రంగు నాకు తెలియదా! అడుగున కణాల ముద్ద సగానికి తగ్గిపోయింది, అదీ చూపించాను. సెంట్రిఫ్యూజ్ సరిగ్గా తిరగలేదన్నాడు. కాన్ఫరెన్సులో చెప్పేదాకా ఆగలేదు. అక్కడ ఒకావిడ లేచి, "పారసైట్ లేని రక్తంలో ఇదే డోసు వేసి చూశారా?" అని అడిగింది. చూడలేదు. తిరిగొచ్చి చూస్తే ఆ రక్తమూ పగిలింది. కణమే పగిలిపోతే లోపలిది బతుకుతుందా?

అతనొక్కడికే జరిగింది కాదులే. డెర్మాసెప్టిన్ ఎస్4 అని ఇంకో కప్ప పెప్టైడ్ ఉంది, అది పారసైట్‌నీ చంపుతుంది, ఎర్రకణాల్నీ పగలగొడుతుంది. అందుకే దాన్ని కత్తిరించి, మార్చి, రక్తానికి హాని తగ్గించే రూపాలు చేశారు. నా మట్టుకు నాకు ప్లేట్‌లెట్లలోని పీఎఫ్4 అనే ప్రొటీన్ మీద ఆశ ఎక్కువ. అది పారసైట్ ఉన్న కణంలోకే దూరి, పారసైట్ ఆహారం అరిగించుకునే సంచీని ఛిద్రం చేస్తుంది. కణాన్ని పగలగొట్టదు.

కాబట్టి మొదటి వారమే కడిగిన మామూలు ఎర్రకణాలు పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో పెట్టి, పెప్టైడ్ వేసి ఎన్ని పగులుతాయో పరీక్ష చెయ్యి. కణాలన్నిటినీ పగలగొట్టే ట్రైటాన్ (సబ్బులాంటిది) వేసిన వెల్‌ని, అంటే ప్లేట్‌లోని గుంటని, నూరు శాతం కింద లెక్కపెట్టుకో. ఉద్యోగం మొదట్లో పాడేరు ఏజెన్సీలో స్లైడ్లు చూసేదాన్ని. జ్వరంతో తెచ్చిన పిల్లల కింది కనురెప్ప లాగితే లోపల తెల్లగా ఉండేది. వాళ్లకి మిగిలిన కాస్త రక్తాన్ని మందే పగలగొడితే ఎలా నాన్నా?

ఇంకోటి, నువ్వు తొందరమనిషివి, చిన్నప్పటి నుంచీ అంతే. కల్చర్ దగ్గర సూది పెట్టుకోకు, రాత్రిళ్లు ఒక్కడివే గదిలో ఉండకు. చెయ్యి కోసుకుంటే తిడతారని దాచకు, నేను కూడా తిట్టను. తర్వాత జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా స్లైడ్ తీయించుకో. నువ్వు పెంచేది డీడీ2 అనే పారసైట్ రకం (స్ట్రెయిన్) అయితే క్లోరోక్విన్‌ మందుకి లొంగదని డాక్టర్‌కి ముందే చెప్పు. ఏ స్ట్రెయిన్ పెంచుతున్నావో నాకూ వాట్సాప్ చెయ్యి, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకుంటాను.

మీ అత్త