ఒళ్లు మందుకి అలవాటు పడదండీ

అడిగిన ప్రశ్న ఇది: "మా నాన్నగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చింది. పోయినసారి మూడు రోజుల్లో తగ్గించిన మాత్రే ఈసారి వారం వాడినా పనిచేయలేదు. ఒళ్లు మందుకి అలవాటు పడిపోయిందంటున్నారు, నిజమేనా? దీని మీద పరిశోధన చేసేవాళ్లు అసలు ఏం చేస్తుంటారు?"

ముందు ఆ 'అలవాటు' సంగతి తేల్చాలి. పద్నాలుగేళ్లుగా ఆస్పత్రికి అనుబంధంగా ఉండే మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించిన మాట ఇదే. మీ నాన్నగారి ఒళ్లు దేనికీ అలవాటు పడలేదు. యాంటీబయాటిక్ పనిచేసేది ఒంట్లో చేరిన బ్యాక్టీరియా మీద. పోనీ ఆ బ్యాక్టీరియా అలవాటు పడిందా అంటే, అదీ సరైన మాట కాదు. కోట్ల కొద్దీ ఉన్న బ్యాక్టీరియాలో ఆ మందుకు చావనివి ఒకటో రెండో ముందే ఉంటాయి. మందు పడగానే మిగతావి చస్తాయి. ఇక ఆ చోటంతా మిగిలినవాటిదే. అనుకూలంగా ఉంటే ఈ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒక్కటి మిగిలినా చాలు, ఒక్క రాత్రి చాలు.

పుస్తకంలో చదివినప్పుడు ఇది నా బుర్రకు ఎక్కలేదు. ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే ఒక ప్లేట్ చూశాక ఎక్కింది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. కడుపు ఆపరేషన్ అయిన ఒక పేషెంటుకు వణుకుతో జ్వరం పట్టుకుంది. రక్తం తీసి కల్చర్ బాటిల్ (అందులో బ్యాక్టీరియా ఉంటే పెరిగే సీసా) మాకు పంపారు. ఆ రాత్రే మెషిన్ కూత పెట్టింది, అంటే బాటిల్లో ఏదో పెరుగుతోంది. ఒక చుక్క తీసి, బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి, మైక్రోస్కోప్‌లో చూస్తే గులాబీ రంగు పొట్టి కడ్డీలు. మర్నాటికి పేరు తేలింది, ఎంటిరోబాక్టర్ క్లొయాకే. పేగుల్లో ఉన్నంతసేపూ ఫరవాలేదు, రక్తంలోకి వస్తే ప్రమాదం.

దాన్ని ఉప్పునీళ్లలో కలిపి, ప్లేట్ నిండా దూదిపుల్లతో పూసి, పైన మందు పట్టించిన కాగితం బిళ్లలు పెట్టాం. చొక్కా గుండీ కన్నా చిన్న బిళ్లలు, ఒక్కోదాంట్లో ఒక్కో మందు. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచితే తెల్లారేసరికి బ్యాక్టీరియా ప్లేట్ మీద మీగడ కట్టినట్టు పరుచుకుంటుంది. మందు పనిచేసిన చోట మాత్రం బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఉంటుంది. ఆ వలయాన్ని స్కేలు పెట్టి కొలుస్తాం. 1966లో బావర్, కర్బీ తదితరులు ప్రచురించిన పద్ధతి ఇది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

సెఫొటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ 28 మిల్లీమీటర్లు వచ్చింది. మా పట్టిక ప్రకారం 26 ఉంటే చాలు. "పనిచేస్తుంది" అని రాసి రిపోర్టు పంపించేశాను. వార్డులో అప్పటికే అదే మందు మొదలుపెట్టారు, జ్వరం కూడా దిగింది.

ప్లేట్ పారేయబోతూ ఒకసారి లైటు కింద వంచి చూశాను. ఆ ఖాళీ వలయంలో, బిళ్లకు దగ్గరగా నాలుగు చుక్కలు కనిపించాయి. ఆవగింజలో సగం కూడా ఉండవు. పక్కనున్న అమ్మాయి "గాలిలోంచి ఏదో పడుంటుందిలే అక్కా" అంది. నాకు మనసొప్పలేదు. వాటిలో ఒకదాన్ని తీసి వేరే ప్లేట్ మీద పెంచి, మర్నాడు మళ్లీ బిళ్లలు పెట్టాను. ఆ తర్వాతి ఉదయం మూత తీస్తే సెఫొటాక్సిమ్ బిళ్లను ఆనుకుని మీగడ. వలయమే లేదు. పేరు తేల్చే పరీక్షలన్నీ మళ్లీ చేశాం. అదే ఎంటిరోబాక్టర్.

చేతులు చల్లబడ్డాయి. వార్డుకి ఫోన్ చేస్తే నేను నోరు తెరవకముందే డాక్టర్ గారు అన్నారు, "రాత్రి జ్వరం తిరగబెట్టింది, ఇప్పుడే మళ్లీ రక్తం తీశాం" అని. ఆ రెండో బాటిల్లో పెరిగింది కూడా సెఫొటాక్సిమ్‌కు లొంగలేదు.

ఎంటిరోబాక్టర్‌కు ఈ మందును తెగ్గొట్టే ఎంజైము తయారుచేసే జన్యువు పుట్టుకతోనే ఉంటుంది. మామూలుగా దానికి తాళం వేసి ఉంటుంది. కోట్లలో ఏ ఒక్కదానికో ఆ తాళం ఊడిపోతుంది, అప్పుడు అది ఎంజైమును ఆపకుండా తయారుచేస్తూనే ఉంటుంది. ఆపరేషన్ చేసిన చోట లోపల చీము గడ్డ ఉందని తర్వాత తెలిసింది. అందులో ఎన్ని కోట్లు ఉండుంటాయో ఆలోచించండి. మేం ఇచ్చిన మందు తోటివాటన్నిటినీ ఊడ్చేసి ఆ ఒక్కదానికి చోటు చేసి పెట్టింది. మెరోపెనెమ్ అనే వేరే యాంటీబయాటిక్‌కి మార్చారు, చీము బయటికి తీశారు, పేషెంటు కోలుకున్నారు. ఇప్పుడు నా పరిశోధనంతా ఆ నాలుగు చుక్కల గురించే. ఒక్కో పేషెంటు నుంచి వచ్చిన బ్యాక్టీరియాలో తాళం ఊడినవి ఎన్ని ఉన్నాయో, ఏ మందు వాటిని పైకి తెస్తుందో లెక్కపెడుతుంటాను. రోజంతా ప్లేట్లు, చుక్కలు, లెక్కలు. బయటివాళ్లకి ఇది పరిశోధనలా కనిపించకపోవచ్చు.

ఈ విషయం రుజువై చాలా కాలమైంది. 1952లో శాస్త్రవేత్తలు ఎస్తర్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు మఖమల్ గుడ్డను బ్యాక్టీరియా పెరిగిన ప్లేట్ మీద ముద్రలా అద్ది, అదే గుడ్డను స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్ మీద అద్దారు. మందున్న ప్లేట్‌లో ఎక్కడ పెరిగిందో చూసి, మొదటి ప్లేట్‌లో సరిగ్గా ఆ చోటు నుంచి బ్యాక్టీరియాను ఏరారు. మందు మొహం ఎన్నడూ చూడని వాటిలోనే చావనివి దొరికాయి. 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన మట్టిలో కూడా యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు దొరికాయని 2011లో ప్రచురించారు. మనిషి మందు కనిపెట్టకముందు సంగతి అది. ఇక అలవాటు ఎక్కడిది?

టీబీకి ఒకేసారి అన్ని మందులు ఎందుకు మింగాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కదాన్నే ఇచ్చి చూశారు. మొదట్లో బాగా తగ్గింది, తర్వాత చాలామందిలో మందుకు లొంగని టీబీ పైకి లేచింది. రెండో మందు కలిపి ఇచ్చాక అలా లొంగనివి పైకి లేవడం బాగా తగ్గింది. ఒక మందుకు చావనిది కోట్లలో ఒకటి దొరుకుతుంది, రెండింటికీ చావనిది దొరకడం చాలా అరుదు.

మాట ఒక్కటే కదా, ఇంత పట్టింపెందుకు అనుకోవచ్చు. ఈ మాట వల్లే జనం డాక్టర్ దగ్గరికెళ్లి "ఇంకా పవర్ ఉన్నది రాయండి" అంటారు. "నేను పదేళ్లుగా ఒక్క యాంటీబయాటిక్ కూడా వాడలేదు, నాకేం కాదు" అని ధీమాగా ఉంటారు. లొంగని బ్యాక్టీరియా మీ ఒంట్లోనే పుట్టాలని లేదు, పక్కవాళ్ల నుంచి రావచ్చు. పైగా ఒక బ్యాక్టీరియా తన జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం రూపంలో ఇంకో జాతికి కూడా ఇచ్చేస్తుంది. 'అలవాటు' అనడం మానేస్తే ఈ సమస్యలో సగం తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

"కోర్సు పూర్తి చేయకపోతే రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం) వస్తుంది" అనేదీ ఇలాంటిదే. 2017లో మార్టిన్ లెవెలిన్, మరికొందరు దీనికి తగిన ఆధారం లేదని వైద్య పత్రికలో రాస్తే పెద్ద గొడవైంది. నేను వాళ్ల పక్షమే. అవసరానికి మించి వాడిన ప్రతి రోజూ పేగుల్లోని బ్యాక్టీరియాలో లొంగనివాటికి లాభం. అలాగని మీ అంతట మీరు మానేయకండి, ఎన్ని రోజులు వాడాలో డాక్టర్‌ని అడగండి. టీబీ మందులు మాత్రం మధ్యలో అసలు ఆపొద్దు, అవి చివరిదాకా వాడాల్సిందే.

కొత్త మందులు ఎందుకు రావట్లేదని కూడా అందరూ అడుగుతారు. వచ్చినా నిలబడట్లేదు. అకావొజెన్ అనే కంపెనీ ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్ తెచ్చింది, 2018లో అమెరికాలో అనుమతి దొరికింది. 2019 ఏప్రిల్‌కల్లా ఆ కంపెనీ దివాలా తీసింది. మంచి యాంటీబయాటిక్‌ను దాచి దాచి వాడాలి, దాచి వాడితే అమ్మకాలుండవు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. శాంపిల్‌తో వచ్చే ఫారంలో "ఇప్పటికే వాడుతున్న మందులు" అని ఒక గడి ఉంటుంది. నేను చూసిన ఫారాల్లో చాలావాటిలో అది ఖాళీ. రెండు డోసులు పడ్డాక తీసిన శాంపిల్ వస్తుంది, ప్లేట్ మీద ఏమీ పెరగదు, "ఏమీ లేదు" అని రిపోర్టు వెళ్తుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. ఎంత గొప్ప ల్యాబ్ అయినా పెరగనిదాన్ని చదవలేదు.

మీ నాన్నగారి విషయానికొస్తే, ఈసారి వచ్చింది పోయినసారి బ్యాక్టీరియానే కాకపోవచ్చు కూడా. పోయినసారి మాత్ర తర్వాత పేగుల్లో మిగిలిన లొంగనివే ఇప్పుడు మూత్రంలోకి చేరి ఉండొచ్చు. డాక్టర్‌తో మాట్లాడి, కొత్త మందు మొదటి మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి. ఈ వారం వాడిన మాత్ర పేరు, చివరి మాత్ర వేసుకున్న రోజు ఆ ఫారం మీద రాయించండి. వణుకుతో జ్వరం గానీ నడుం పక్కన నొప్పి గానీ ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పోయినసారి కల్చర్ రిపోర్టు ఇంట్లో ఉంటే అదీ వెంట పట్టుకెళ్లండి.