నాన్నగారి వేలిముద్ర పడటం లేదు, బ్యాంకులో కాయితం తీసుకోవడం లేదు: లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలి?

మీ నాన్నగారికి 81 ఏళ్లని, కేంద్ర ప్రభుత్వ పెన్షన్ అని, పెన్షనరు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళితే, యంత్రం మీద వేలిముద్ర పడకపోయినా బ్యాంకులో "అంతా ఆన్‌లైనే" అని పంపేశారని రాశారు. మా నాన్న రైల్వేలో రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. మూడేళ్లుగా ఇదే అవస్థ నేనూ పడుతున్నాను కాబట్టి తెలిసింది చెబుతాను.

టెన్షన్ పడకండి, టైముంది. 80 దాటినవారు నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. వేలిముద్ర ఒక్కటే దారి కూడా కాదు. లైఫ్ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రభుత్వ పద్ధతి, జీవన్ ప్రమాణ్, 2014లో మొదలైంది. 2021 నుంచి ఫోను కెమెరాకు ముఖం చూపించినా సరిపోతుంది. దానికి జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ముఖాన్ని ఆధార్‌తో సరిచూసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. ముందు ఆపరేటరుగా, అంటే ఫోనులో పని చేసిపెట్టేవారిగా, మీ ముఖం, తర్వాత నాన్నగారిది. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, వెలుతురు వీపు వెనక ఉంటే పట్టదు.

అమ్మకు మొదటి ఏడాది ఏడెనిమిది సార్లు తిప్పాల్సి వచ్చింది. కళ్లు ఆర్పమని తెర మీద వస్తుంది. కళ్లజోడు తీస్తే ఆమెకు ఆ తెరే కనబడదు. "ఇప్పుడు ఆర్పమ్మా" అని నేను పక్కనుంచి చెబుతూ ఉండాలి. ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నారా అనే ప్రశ్న. నిబంధన ఉందని తెలుసు. అయినా 76 ఏళ్ల అమ్మకు అది చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు, నేనే "లేదు" నొక్కేశాను.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సర్టిఫికెట్ నంబరుతో (ప్రమాణ్ ఐడీ) మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకోకండి. రెండో ఏడాది అమ్మ పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరులో ఒక అంకె తప్పుపడింది. సర్టిఫికెట్ తయారైంది కానీ బ్యాంకు దాన్ని తిరస్కరించింది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. డిసెంబరు పెన్షన్ పడకపోతే గానీ తెలియలేదు. మళ్లీ ఇచ్చాక బకాయితో సహా వచ్చింది గానీ, ఆ నెలంతా అమ్మ మందుల డబ్బు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. అందుకే నాలుగైదు రోజులయ్యాక ఆ ఐడీతో జీవన్ ప్రమాణ్ వెబ్‌సైటులో స్టేటస్ చూడండి.

అమ్మకు మాత్రం కాయితమే ఇష్టం. సంతకం పెట్టి, ముద్ర వేసిన రసీదు చేతికొస్తేనే ఆమెకు ఆ రాత్రి నిద్ర. ఇందులో తప్పేముంది? కాయితం మీద ఇచ్చే పద్ధతిని ప్రభుత్వం తీసేయలేదు. తీసుకున్నట్టు సంతకం చేసి రసీదు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. 70 దాటినవారికి ఇంటికే వచ్చి సేవలందించేలా చూడాలని 2017లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటరులో కాదన్నారని వెనక్కి రాకుండా మేనేజరును కలిసి ఈ రెండూ అడగండి.

అదీ కుదరకపోతే పోస్టాఫీసులో అడగండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తారు, 70 రూపాయలు. పెన్షన్ ఏ బ్యాంకులో పడుతున్నా ఫరవాలేదు. పోయిన నవంబరులో మేం చేయించుకున్నది అలాగే. ఆ పోస్ట్‌మ్యాన్ మా అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని, పీపీఓ నంబరు రెండుసార్లు పైకి చదివి మరీ నొక్కారు.