పశువైద్యం చదివిన అమ్మాయికి టీకాల పరిశోధనలో చోటెక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి గన్నవరం పశువైద్య కళాశాలలో బీవీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉంది. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగానికి ప్రయత్నించమని నేనంటుంటే, ఎంవీఎస్సీ చేసి, కంపెనీలతో కలిసి విశ్వవిద్యాలయాలు చేసే టీకాల పరిశోధనలోకి వెళతానంటోంది. పశువుల డాక్టరుకు మనుషుల మందుల దగ్గర పనేమిటి? మధ్యలో కంపెనీ డబ్బు ఆపేస్తే అమ్మాయి చదువు ఏమవుతుంది? – ఒక తండ్రి, గుడివాడ

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ఊరి అంగన్‌వాడీ దాకా వచ్చిన వస్తువులోనే ఉంది. పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు రాకుండా ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో రోటావైరస్ చుక్కలు వేస్తారు. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఈ చుక్కలను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వేసిన రోటావాక్ టీకాకు మూలమైన 116ఈ అనే వైరస్‌ను 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల నుంచి వేరుచేశారు. ఆ వైరస్ సోకినా ఆ పిల్లలకు విరేచనాలు రాలేదు. అది మనుషుల రోటావైరసే అయినా, అందులో ఒక జన్యువు పశువుల రోటావైరస్ నుంచి సహజంగా వచ్చి చేరింది. దూడకు పారుడు తెప్పించే వైరస్‌కూ, పసిబిడ్డను కాపాడే టీకాకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంది కాబట్టే, రెండు వైపులా తెలిసిన మనిషి ఈ రంగానికి కావాలి.

ఆ వైరస్ దొరికాక ఎయిమ్స్ పరిశోధకులు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా శాస్త్రవేత్తలు, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిసి పనిచేశారు. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై పరీక్షించాక 2015లో టీకా విడుదలైంది. వైరస్‌ను గుర్తించిన నాటి నుంచి లెక్కవేస్తే దాదాపు ముప్పై ఏళ్లు. అన్ని ప్రాజెక్టులూ ఇంత కాలం తీసుకోవు గాని, ప్రయోగశాల ఫలితానికీ అమ్మకానికి వచ్చే సీసాకూ మధ్య ఎడం ఎప్పుడూ ఉంటుంది. మీ అమ్మాయికి ఉద్యోగం దొరికేది ఆ ఎడంలోనే. విశ్వవిద్యాలయం పని పరిశోధనా పత్రంతో ముగుస్తుంది, కంపెనీ పని బ్యాచ్‌తో మొదలవుతుంది. ఆ రెండింటినీ కలిపే పనికి మనుషుల కొరత చాలా ఉంది.

ఆవులను పీడించిన లంపీ చర్మవ్యాధినే తీసుకోండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన టీకాను 2022 ఆగస్టులో ప్రకటించాయి. ఆ సాంకేతికతతో భారత్ బయోటెక్ బృందానికి చెందిన బయోవెట్ తయారుచేసిన టీకాకు అనుమతి వచ్చింది 2025 ఫిబ్రవరిలో. అంటే రెండున్నరేళ్లు. ఇలాంటి వ్యవధిలో విత్తన వైరస్ (ప్రతి బ్యాచ్‌కూ మూలంగా దాచి ఉంచే వైరస్) మారకుండా ఉందో లేదో చూడాలి, ప్రతి బ్యాచ్‌లో ఇతర సూక్ష్మజీవులు చేరలేదని నిరూపించాలి, చలిపెట్టెలో ఎన్ని నెలలు నిలుస్తుందో తేల్చాలి, చివరకు పశువులకు వేసి చూడాలి.

ఆ చివరి పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పరిశోధన అనగానే తెల్లకోటు, సూక్ష్మదర్శిని మాత్రమే కళ్లముందు మెదిలే పిల్లలను నేను చాలామందిని చూశాను. టీకా వేసిన దూడలకు రోజూ ఒకే వేళకు జ్వరం చూడాలి, సూది గుచ్చిన చోట వాపు ఉంటే కొలవాలి, మేత తిన్నదీ వదిలేసిందీ రాయాలి. రాసినదాంట్లో తప్పు దొర్లితే చెరపకూడదు. పాత అంకె కనబడేలా దాని మీద ఒక్క గీత గీసి, సరైన అంకె రాసి, పక్కన సంతకం, తేదీ వేయాలి. అనుమతి ఇచ్చే అధికారులు ఏళ్ల తరువాత వచ్చి ఆ పేజీనే తెరిచి అడుగుతారు. ఈ ఓపిక ఉన్న పశువైద్యులు ఈ రంగంలో త్వరగా పైకి వస్తారు, అది లేనివారు ఎంత తెలివైనవారైనా ఏడాదిలో విసిగిపోతారు. మీ అమ్మాయి ఏ కోవకు చెందుతుందో మీకంటే బాగా తెలిసినవారు ఎవరుంటారు?

మనుషుల మందుల విషయానికి వస్తే, కొత్త మందును మనిషికి ఇవ్వకముందు జంతువులలో దాని విషప్రభావాన్ని చూడటం, అవయవాల ముక్కలను పరిశీలించి ఏ కణానికి హాని జరిగిందో చెప్పడం పశువైద్య పాథాలజిస్టు, టాక్సికాలజిస్టు పని. ప్రయోగ జంతువులున్న ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం ఉండాలి, అందులో పశువైద్యుడు ఉండటం తప్పనిసరి. ఆ జంతువుకు అనవసరమైన బాధ కలగకుండా చూసే బాధ్యత కూడా ఆయనదే. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికన్నా గౌరవించదగినది ఈ బాధ్యతే.

ఇవన్నీ ఎక్కడో లేవు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ హైదరాబాద్‌లోనే ఉంది. పశువుల గాలికుంటు టీకాతో పాటు మనుషుల రేబిస్ టీకా కూడా ఆ సంస్థే తయారుచేస్తుంది. అదే నగరంలోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ నాయకత్వంలో, పశువులకూ మనుషులకూ ఉమ్మడిగా వచ్చే వ్యాధులపై నిఘా కోసం 27 సంస్థల కూటమి 2021లో ఏర్పడింది. సూడి పశువులు ఈసుకుపోయేలా (గర్భస్రావం అయ్యేలా) చేసే బ్రూసెల్లోసిస్ పచ్చిపాల ద్వారా, మాయను చేతులతో తీసేటప్పుడు మనుషులకూ అంటుకుంటుందని పాడి ఉన్న ఇంటివారికి వేరే చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయం, వ్యాపారం కలవడం మనకు కొత్తా కాదు. 1997లో హెపటైటిస్ బి టీకాను తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు తీసుకుని పరిశోధన చేసింది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇది న్యాయమైన భయం, దీన్ని ఎవరైనా తేలిగ్గా కొట్టిపారేస్తే నమ్మకండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి కంపెనీ నిధులతో నడిచే ప్రాజెక్టులో పీహెచ్‌డీకి చేరాడు. మూడో ఏట ఆ కంపెనీ ఆ టీకా ఆలోచననే విరమించుకుంది. ఫెలోషిప్ ఆగింది సరే, అప్పటిదాకా చేసిన పనిని థీసిస్‌లో పెట్టడానికి కూడా గోప్యత నిబంధన అడ్డొచ్చింది. రెండు అధ్యాయాలు మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది. అతను చేరినప్పుడు ఒప్పందం ప్రతిని అడగలేదు, గైడ్ చూపించలేదు. అతన్ని అడగమని నేనూ ముందుగా చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ బాధపడతాను.

కాబట్టి చేరేముందు అమ్మాయి చేత తప్పకుండా అడిగించవలసినవి ఉన్నాయి. జీతం విశ్వవిద్యాలయ ఖాతా నుంచి వస్తుందా, కంపెనీ నుంచా, లేక బైరాక్ వంటి ప్రభుత్వ సంస్థ ఇచ్చిన గ్రాంటు నుంచా? గ్రాంటు అయితే మంజూరైన కాలం ఎంత, అందులో ఎంత గడిచిపోయింది? ఫలితాలను ప్రచురించే ముందు కంపెనీ చూడటానికి ఎన్ని రోజుల గడువు ఉంది? పేటెంటు కోసం కొన్ని నెలలు ఆగమనడం సమంజసమే, కాని గడువు ఏదీ రాయకుండా ‘కంపెనీ అనుమతితో’ అని మాత్రమే ఉంటే సంతకం పెట్టవద్దు. ప్రాజెక్టు మధ్యలో ఆగినా సేకరించిన వివరాలను థీసిస్‌కు వాడుకునే హక్కు విద్యార్థికి ఉన్నట్టు కాగితం మీద ఉండాలి. పేటెంటు వస్తే ఆవిష్కర్తల జాబితాలో ఎవరి పేర్లు ఉంటాయో కూడా మొదటే తెలుసుకోవడం మంచిది. మంచి గైడ్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

అన్నిటికన్నా భద్రమైన దారి, ఫెలోషిప్‌ను కంపెనీ మీద ఆధారపడకుండా తానే సంపాదించుకోవడం. పీహెచ్‌డీకి జాతీయ స్థాయి పరీక్షలో నెగ్గి తెచ్చుకున్న జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. ప్రాజెక్టు ఆగినా అది విద్యార్థితోనే ఉంటుంది. ఎంవీఎస్సీ కోసం ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) జాతీయ ప్రవేశ పరీక్షకు ఇప్పటి నుంచే చదవమనండి. టీకాల మీద మనసుంటే మైక్రోబయాలజీ, మందుల భద్రత మీద ఉంటే పాథాలజీ లేదా ఫార్మకాలజీ ఎంచుకోవాలి. పేరు ఆకర్షణీయంగా ఉందని మాత్రమే బయోటెక్నాలజీ తీసుకోవద్దు. పశువైద్యురాలిగా ఆమెకున్న ప్రత్యేకత జంతు శరీరం తెలియడం, దాన్ని వదులుకుంటే ఎమ్మెస్సీ చదివిన వేలమందితో పోటీపడాలి.

ప్రభుత్వ ఉద్యోగాన్ని వదులుకోమని నేను అనడం లేదు. ఇంటర్న్‌షిప్ పూర్తికాగానే రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించండి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టించండి. ఎంవీఎస్సీలో ఉండగా ఆ పరీక్ష రాయడానికి అడ్డేమీ లేదు. నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఈలోగా ఇంటర్న్‌షిప్ సెలవుల్లో రెండు రోజులు వీలు చేసుకుని, కళాశాల ద్వారా అనుమతి తీసుకుని, హైదరాబాద్‌లో ఏదైనా ఒక టీకాల సంస్థను అమ్మాయితో కలిసి మీరూ చూసి రండి. ఆమె చేరదలచుకున్న ప్రాజెక్టు ఒప్పందం ప్రతి చేతికి వచ్చాక, అందులో ఏ నిబంధన అర్థం కాకపోయినా సంతకం పెట్టకముందే నాకు రాయండి.