కొల్లేరు, పులికాట్‌లలో ఒక్కరోజే ఉంటే పక్షుల ఫొటోలు ఎలా తీయాలి?

మీ ప్రశ్న ఇది: కొల్లేరు, పులికాట్ లాంటి చోటికి ఒక్కరోజే వెళ్లగలరు, చేతిలో 300 ఎంఎం లెన్స్ ఉంది. అది సరిపోతుందా, ఎక్కువ పక్షులు దొరకాలంటే ఎంత తిరగాలి?

లెన్స్ సంగతి చివర్లో చూద్దాం. తిరగడం గురించి అడిగితే మాత్రం, తిరగొద్దనే చెబుతాను. నీటి ఒడ్డున నడుస్తూ పోయేవాడికి ఎగిరిపోయే పక్షుల వీపులే దక్కుతాయి. ఒక గట్టు చూసుకుని, సూర్యుడు వెనక ఉండేలా కదలకుండా కూర్చుంటే కాసేపటికి అవే దగ్గరికి వస్తాయి. చాలా ఏళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నాను కాబట్టి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పగలను.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, వలస పక్షులు కూడా కనిపిస్తాయి. తెల్లారకముందే చేరుకోవాలి. కూర్చున్న కొద్దిసేపటికి, అప్పటిదాకా ఖాళీగా ఉందనుకున్న గట్టు మీద పక్షులు ఒక్కొక్కటీ బయటపడతాయి. గుడ్డి కొంగ ఇందులో ఘనాపాఠి. పక్కనే మట్టిగడ్డలా ముడుచుకుని ఉంటుంది, మనం గమనించం. లేచిందంటే తెల్లటి రెక్కలు భళ్లున విచ్చుకుంటాయి, కెమెరా ఎత్తేలోపు వెళ్లిపోతుంది.

తామరాకులున్న మడుగు దొరికితే అక్కడే స్థిరపడండి. జకానాలు ఆకుల మీద నడుస్తుంటాయి. వాటి కాలివేళ్లు ఎంత పొడవంటే, ఒంటి బరువంతా ఆకు మీద పరుచుకుని ఆకు మునగదు. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపక్షే. ఆడది ఇంకో మగపక్షిని వెతుక్కుంటూ పోతుంది. ఒకసారి బ్రాంజ్ వింగ్డ్ జకానా ఒకటి నా ముందు నుంచి వెళ్తుంటే రెక్క కింద అదనంగా కాళ్లు వేలాడుతూ కనిపించాయి. పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని మోసుకెళ్తోంది! అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఇలాంటివి కంటపడవు.

ఫొటోకి సంబంధించి ఒక ముఖ్యమైన విషయం. స్వాతి కొంగ లాంటి తెల్ల పక్షి ముదురు నీటి ముందు నిలబడితే కెమెరా మోసపోతుంది, ఈకలన్నీ తెల్లటి మరకగా మారిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను, అంటే బొమ్మకు అందే వెలుతురును, ముప్పావు నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది). అదే నల్లటి నీటికాకి తెల్లటి ఆకాశం ముందు ఎగురుతుంటే పెంచాలి. ఇంకోటి, వీలైనంత కిందికి దిగండి. పక్షి కన్ను ఎత్తులో కెమెరా ఉంటే బొమ్మకి వచ్చే అందమే వేరు. బట్టలు బురదవుతాయి, తప్పదు.

ఎండ ముదిరాక నీటి మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా దూరపు బొమ్మ మసకే. కెమెరా పక్కన పెట్టి బైనాక్యులర్ తీయండి, 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 ఎంఎం) అయితే చెయ్యి కాస్త వణికినా పెద్దగా ఇబ్బంది ఉండదు. నత్తగుల్ల కొంగని చూడటానికి ఇదే సమయం. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. తల నీళ్లలో పెట్టి ఏదో సర్దుతున్నట్టు ఊగుతుంది, కాసేపటికి నత్త మాంసంతో పైకి లేస్తుంది. ఉన్నట్టుండి బాతులన్నీ ఒక్కసారిగా లేచాయంటే పైకి చూడండి, చాలాసార్లు మార్ష్ హారియర్ అనే వేటపక్షి తిరుగుతూ ఉంటుంది.

పులికాట్ దగ్గరి నేలపట్టు, కొల్లేరులోని అటపాకల్లో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. అక్కడ వాచ్‌టవర్ నుంచి, గట్టు మీద నుంచి దొరికిన ఫొటోలతోనే తృప్తి పడాలి. గూడు దగ్గరికెళ్లి తల్లిని లేపితే మన ఎండకు గుడ్లు ఉడికిపోతాయి, లేదంటే కాకులు ఎత్తుకెళ్తాయి. పక్షుల కూత రికార్డు పెట్టి పిలవడం కూడా నాకు నచ్చదు. ఫొటో వచ్చిందని మనకు సంబరం, వాటికి టెన్షన్.

ఇప్పుడు లెన్స్. గూడబాతులకూ, తెడ్డుమూతి కొంగలకూ, గుంపుగా లేచే బాతులకూ 300 హాయిగా సరిపోతుంది. క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్) కెమెరా అయితే అది ఫుల్ ఫ్రేమ్ మీద దాదాపు 450 ఎంఎం చూపినంత కోణాన్నే చూపిస్తుంది. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను దగ్గర పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగినా భయపడకండి. దానివల్ల బొమ్మ మీద వచ్చే చుక్కల్ని (గ్రెయిన్‌ను) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన బొమ్మని ఏమీ చేయలేం. ఏసీ కారులోంచి దిగగానే మాత్రం కెమెరా బయటికి తీయకండి, అద్దం మీద ఆవిరి పడుతుంది. బ్యాగులోనే ఉంచి కాసేపు బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

బురదలో తిరిగే చిన్న ఉల్లంకి పిట్టల (శాండ్‌పైపర్ల లాంటివి) దగ్గరే 300 చేతులెత్తేస్తుంది. గోడకు వేలాడదీసే ఫొటో రాదు. అయినా క్లిక్ చేయండి, పేరు తెలుసుకోవడానికి అది చాలు. కాళ్ల రంగు, ముక్కు పొడవు, ఎగిరినప్పుడు వీపు మీద తెలుపు ఎంతవరకు పాకింది అన్నవి కనిపించాలి. గ్రీన్‌షాంక్‌కి ఆ తెలుపు వీపు మీదికి కోణంలా పాకుతుంది, వుడ్ శాండ్‌పైపర్‌కి తోక మొదట్లోనే ఆగిపోతుంది, కామన్ శాండ్‌పైపర్‌కి అక్కడ తెలుపే ఉండదు, రెక్కల మీద మాత్రం తెల్లగీత కనిపిస్తుంది.