అమెరికా నర్సింగ్ హోమ్‌పై ఫిర్యాదు చేస్తే తనిఖీకి నిజంగా వస్తారా?

నర్సింగ్ హోమ్‌లో (అమెరికాలో అంటే ఆసుపత్రి కాదు, ఎక్కువగా వృద్ధులను ఉంచుకుని నర్సింగ్ సేవలు చేసే చోటు) మీ అత్తగారు బెల్లు నొక్కినా గంటసేపు ఎవరూ పలకడం లేదని, ఫిర్యాదు చేస్తే మీ పేరు బయటపడుతుందేమోనని అడిగారు. ఇక్కడ అలాంటి చోటే నర్సుగా చేస్తున్నాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను.

వస్తారండి, చెప్పాపెట్టకుండా వస్తారు. నిబంధనలు ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలను నడిపే కేంద్ర సంస్థ సీఎంఎస్‌వి, తనిఖీకి వచ్చేది మాత్రం రాష్ట్రం వాళ్లు. ప్రాణాపాయం ఉందనిపిస్తే రోజుల్లోనే వస్తారు. మిగతా వాటికి నెలలు పట్టొచ్చు. ఫిర్యాదు లేకపోయినా మామూలు తనిఖీకి 15 నెలలకు మించి గడువు ఉండదు.

వాళ్లు అడుగుపెట్టగానే "స్టేట్ వచ్చింది" అనే మాట ఫ్లోరంతా పాకుతుంది. ఎప్పుడూ ఆఫీసు గది దాటని మేనేజర్లు కూడా ఆ పూట మంచినీళ్ల జగ్గులు మోస్తూ కనిపిస్తారు! ఇన్‌స్పెక్టర్ నా మందుల బండి పక్కనే నిలబడి ఏ మాత్ర ఎవరికిచ్చానో రాసుకుంటుంటే, రోజూ ఇచ్చే మందుకే చేయి వణుకుతుంది. మందుల్లో తప్పులు 5 శాతానికి చేరితే అది రిపోర్టుకెక్కుతుంది.

మీ పేరు వాళ్లు చెప్పరు. అయితే రూమును బట్టి, జరిగినదాన్ని బట్టి స్టాఫ్ ఊహించేస్తారు, అది దాచి లాభం లేదు. ఆ కోపం పేషెంటు మీద చూపిస్తే అది నిబంధనలకు విరుద్ధం, దాని మీదా ఫిర్యాదు చేయొచ్చు.

"సరిగ్గా చూడట్లేదు" అని మాత్రం రాయకండి. ఆధారాల్లేవని మూసేస్తారు. వాళ్లు చూసే చార్టులో అన్నిటికీ టిక్కులే ఉంటాయి. ఫలానా తేదీ, నైట్ షిఫ్ట్, 9:40కి బెల్లు నొక్కాం, 10:35కి వచ్చారు అని రాస్తే ఆ టిక్కులను దేనితో సరిచూడాలో వాళ్లకు తెలుస్తుంది.

లోపం తేలితే తీవ్రతను బట్టి, ఎందరికి వర్తిస్తుందో బట్టి ఏ నుంచి ఎల్ దాకా ఒక అక్షరం వేస్తారు. జె, కె, ఎల్ అంటే ప్రాణాల మీదికొచ్చినట్టు. ఎక్కువ కేసులు డి (హాని జరగకపోయినా జరిగే వీలుంది, ఒకరిద్దరికే పరిమితం) దగ్గరే ఆగిపోతాయి, యాజమాన్యం దిద్దుబాటు ప్లాన్ రాసిస్తే సరిపోతుంది. భారీ జరిమానా పడుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ రిపోర్టు నర్సింగ్ హోమ్‌లోనే అందరికీ అందుబాటులో ఉంచాలి, అడిగి చదవండి.

అన్నట్టు, అది అసిస్టెడ్ లివింగ్ (స్నానం, మందుల్లాంటి రోజువారీ పనుల్లో సాయం చేసే నివాసం) అయితే ఈ కేంద్ర నిబంధనలు వర్తించవు, ఆ రాష్ట్రం రూల్సే.

ఇంకొకటి. ఇన్‌స్పెక్టర్లు పేషెంట్లతో నేరుగా మాట్లాడతారు. అత్తగారికి ఇంగ్లిష్ రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఫిర్యాదులోనే రాయండి. లేకపోతే ఆవిడ మొహమాటానికి నవ్వి తలూపుతారు, వాళ్లేమో "ఇబ్బందేమీ లేదన్నారు" అని రాసుకుని వెళ్లిపోతారు.