చెన్నైలో లారీ పనికి వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

మాధవరం బస్టాండులో దిగి మణలి, ఎన్నూరు వైపు లారీ పని వెతుక్కునే మన కుర్రాళ్లు చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. హెవీ లైసెన్సు ఇక్కడికి వచ్చాక తీసుకుందాంలే అనుకుంటారు. లైసెన్సులో హెవీ క్లాసు చేర్పించాలంటే ఇక్కడి చిరునామాకు రుజువు కావాలి. నలుగురితో కలిసి గదిలో ఉండేవాడికి అది ఎక్కణ్నుంచి వస్తుంది? ఆంధ్రా లైసెన్సు తమిళనాడులోనూ చెల్లుతుంది కాబట్టి ఆ పని ఊళ్లోనే ముగించుకుని రండి.

అందుకు వయసు 20 నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది కావాలి. డాక్టరు చేత ఫారం 1ఏ (ఆరోగ్య సర్టిఫికెట్), డ్రైవింగ్ స్కూలు నుంచి ఫారం 5 (శిక్షణ సర్టిఫికెట్) తెచ్చుకోవాలి. ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత, ఆరు నెలల లోపు టెస్టుకు వెళ్లాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లోనే పోయింది, దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. స్కూలులో శిక్షణ 30 రోజులు, అందులో స్టీరింగ్ మీద కనీసం 15 గంటలు ఉండాలి. ఆ గంటలు అడిగి మరీ నడపండి. ఉత్త సర్టిఫికెట్ కొనుక్కున్నవాడి సంగతి యార్డులో మొదటి రివర్స్‌కే బయటపడుతుంది.

హెవీ ఇంకా రాలేదా? కారు లైసెన్సుతోనే మొత్తం బరువు 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అంటే టాటా ఏస్, దోస్త్ లాంటివాటితో మొదలుపెట్టొచ్చు. ఆర్‌సీలో గ్రాస్ వెయిట్, అంటే బండీ సరుకూ కలిపిన బరువు, ఎంతుందో మీ కళ్లతో చూశాకే తాళం తీసుకోండి. నా మాట వింటే హెవీ ఉన్నవాళ్లు కూడా ఆరు నెలలు చిన్న బండి మీద ఊరు తిరగాలి. పగలు పెద్ద లారీలను రానివ్వని రోడ్లు, గోడౌన్ల గేట్లు, తక్కువ ఎత్తు సబ్‌వేలు అప్పుడే తెలుస్తాయి.

పెద్ద బండి పేరులోని అంకెలు చదవడం నేర్చుకోండి. 2820 అంటే గ్రాస్ వెయిట్ సుమారు 28 టన్నులు, 200 హార్స్‌పవర్. 3520 అంటే 35 టన్నులు. మేస్త్రీ "ఇంకో రెండు టన్నులు వేద్దాం" అన్నప్పుడు ఈ లెక్క బుర్రలో ఉండాలి. ఓవర్‌లోడు దొరికితే 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకూ 2,000. కాటా మీదికి బండి ఎక్కించనని మొండికేస్తే 40,000. ఇక్కడ కాటాను ఎడై మేడై అంటారు. సరక్కు అంటే మన సరుకే, కానీ సాయంత్రం ఎవరైనా ఆ మాటంటే అర్థం మందు అని గుర్తుంచుకోండి.

ఇక కంటైనర్లు మోసే హార్బర్ ట్రైలర్. జీతం బాగుంటుందని అందరూ దీని మీదికే దూకుతారు, దెబ్బలు తినేదీ దీని మీదే. ట్రైలర్ తగిలించాక, దాన్ని ముందు బండికి కలిపే కింగ్ పిన్ లాక్ పడిందో లేదో వంగి చూడాలి. తర్వాత ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి ఫస్ట్ గేరులో కొంచెం లాగి చూడాలి. గాలి పైపుల్లో ఎర్రది ఎమర్జెన్సీ. అది సరిగా బిగియకపోతే గాలి దిగి ట్రైలర్ బ్రేకులు పట్టేస్తాయి, బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. ట్రైలర్‌ను విడిగా నిలబెట్టే ముందు కాళ్లు పూర్తిగా ఎత్తకపోతే మొదటి హంప్ దగ్గరే వంగుతాయి. కంటైనర్ నాలుగు మూలల ట్విస్ట్ లాకులు రోడ్డు మీద బిగించి ఉండాలి, క్రేను కిందికి వెళ్లేసరికి తెరిచి ఉండాలి. ఒక్కటి తెరవడం మరిచినా క్రేను డబ్బాతోపాటు ట్రైలర్‌నూ లేపుతుంది, క్యాబిన్‌లో మీరుంటారు.

గేటు దాటేముందు కంటైనర్ సీల్ నంబరును కాగితంతో ప్రతి అంకె పోల్చండి. డబ్బాకు సొట్ట, చిల్లు ఉంటే గేటు రసీదులో రాయించండి. రాయించకపోతే ఆ సొట్ట మీరు చేసిందే అవుతుంది, బత్తాలో కోత పడుతుంది. సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన చెల్లుతుంది. గడువుకు ఎనిమిది గంటల ముందు నుంచి, దాటాక ఎనిమిది గంటల వరకు పొడిగించుకోవచ్చు. క్యూలో ఇరుక్కుంటే ఆఫీసుకు వెంటనే ఫోన్ చేయండి. దారిలో బండి మారితే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త నంబరు పడాలి.

మాట్లాడుకునేటప్పుడు ట్రిప్పు బత్తా ఒక్కటే అడిగి ఊరుకోకండి. హార్బర్ క్యూలో రాత్రంతా నిలబడితే హాల్టింగ్ బత్తా ఎంత, లోడింగ్ మామూళ్లు ఎవరివి, డీజిల్ ఏ మైలేజీ లెక్కన కడతారు, ఇవన్నీ ముందే తేల్చుకోండి. లోడుతో పది చక్రాల బండి లీటరుకు నాలుగు కిలోమీటర్ల చుట్టూ ఇస్తుంది. ఐదు లెక్కన కడతానంటే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు మాత్రం వద్దు. ధర్మపురి–సేలం మధ్య తొప్పూరు ఘాట్‌లో ఎన్నో ప్రమాదాల వెనక ఉన్నది ఇదే. న్యూట్రల్‌లో ఇంజన్ బండిని పట్టి ఆపదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ములు కాలి, లైనింగు పట్టు పోయి, పెడల్ తొక్కినా బండి ఆగదు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు వేసి, ఇంజన్ పొగ దారిని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడండి. పలమనేరు వైపు మొగిలి ఘాట్‌కూ ఇదే వర్తిస్తుంది.

బీఎస్6 బండిలో పొగను శుభ్రపరిచే యూరియా ద్రవం, డెఫ్, అయిపోతే ఇంజన్ తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. చవక అని రోడ్డు పక్క డబ్బాల్లో అమ్మేది పోస్తే సిస్టమ్ మొత్తం మార్చాల్సి రావచ్చు. రోజూ పొద్దున గాలి ట్యాంకుల్లో నీళ్లు వదలండి. టైరు మార్చాక వంద కిలోమీటర్ల లోపు ఒకసారి ఆగి నట్లు మళ్లీ బిగించండి.

మణలి రిఫైనరీ వైపు ట్యాంకర్లు నడపాలంటే మూడు రోజుల ప్రమాదకర సరుకుల శిక్షణ తీసుకుని, లైసెన్సులో దాన్ని రాయించుకోవాలి. మామూలు హెవీ ఐదేళ్లు చెల్లితే, ఇది మూడేళ్లే. రెన్యువల్‌కు మళ్లీ రిఫ్రెషర్ క్లాసుకు వెళ్లాలి, కాబట్టి గడువు తేదీ ఫోనులో రాసి పెట్టుకోండి.